పట్టా అనుకున్న కాగితం

మా నాయనమ్మ బతికినన్నాళ్ళూ ఆ కాగితాన్ని పొలం పట్టా అనే అనుకుంది. ట్రంకుపెట్టె అడుగున, ఎర్రగళ్ళ తువ్వాల్లో చుట్టి, పైన పెళ్ళిచీర మడతపెట్టి దాచింది. 1977 నవంబరులో ఉప్పెన వచ్చిన రాత్రి ఓ చంకన మూడేళ్ళ నన్ను, ఇంకో చంకన ఆ తువ్వాలు మూటని పెట్టుకుని బడి డాబా ఎక్కిందట. కాగితం నిండా ఇంగ్లీషు టైపు, మూల కోర్టు ముద్ర, వెనక స్టాంపులు. సర్కారు ముద్ర వేసి ఇచ్చిన కాగితం మా ఇంట్లో అదొక్కటే. సొంతపొలం కోసం రెండు తరాలుగా ఎదురుచూస్తున్న ఇంట్లో అది పట్టా కాక ఇంకేమవుతుంది?

ఇంటర్ చదివేటప్పుడు, నాన్న ఇంట్లో లేని ఓ మధ్యాహ్నం, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. సర్వే నంబరు లేదు. ఎకరాలు, సెంట్లు లేవు. ముద్దాయి ఉన్నాడు. ఆ ముద్దాయి మా తాత తండ్రి. రాత్రిపూట ఇంట్లో చొరబడి దొంగతనం చేసినందుకు రెండేళ్ళ కఠిన కారాగారశిక్ష వేస్తూ ఒక ఫస్టు క్లాసు మేజిస్ట్రేటు ఇచ్చిన తీర్పు నకలు అది.

సాయంత్రం నాన్నకి చెప్పాను. ఆయన కాగితం చేతిలోకి తీసుకోలేదు. "అమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు. ఆయనకి ముందే తెలుసని అప్పుడర్థమైంది. తాతకీ తెలిసే ఉంటుంది, పట్టా అని నాయనమ్మకి చెప్పింది ఆయనే కాబట్టి. ఇద్దరు మగవాళ్ళు ఆ ఇల్లాలికి తెలియకుండా ఆ కాగితాన్ని ఆమె చేతే కాపాడించారు. మూడోవాణ్ణి నేనయ్యాను. నాయనమ్మ పోయేదాకా నోరు విప్పలేదు.

మేం ఎరుకలవాళ్ళం. మా తాత పెరిగింది కోస్తాలో, నేరస్థ తెగలని సర్కారు ముద్రవేసిన కుటుంబాల్ని కాపలాలో ఉంచిన ఒక సెటిల్‌మెంటులో. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, ముత్తాత పేరూ రాయను. ఎందుకో ముందు ముందు చెబుతాను.

నాన్న ఉన్నంతకాలం వెతకాలన్న ధైర్యం రాలేదు. ఆయన పోయాక, నా నలభై ఏళ్ళు దాటాక, చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్‌కి వెళ్ళాను. పాత మద్రాసు రికార్డు ఆఫీసు అది. మద్రాసు ప్రెసిడెన్సీ జీవోలు అక్కడే ఉన్నాయి. మూడు ప్రయాణాలు పట్టింది. మూడోసారి, ఒక జీవోకి జతచేసిన కుటుంబాల జాబితాలో దొరికాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లోది. ఏయే కుటుంబాలని సెటిల్‌మెంటుకి తరలించాలో చెప్పే జాబితా. వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఒంటిమీది గుర్తులు. అతని వయసు 22. ఎడమ కనుబొమ మీద మచ్చ. దాని కింద "భార్య, 19". దాని కింద "కొడుకు, 3". ఆ మూడేళ్ళవాడు మా తాత. చివరి గడిలో "పాత శిక్షలు" అని ఉంది. మా ముత్తాత పేరుకి ఎదురుగా ఆ గడిలో "నిల్" అని రాసుంది.

ఆ "నిల్" దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. తీర్పులో ఉన్న దొంగతనం జరిగింది ఈ జాబితాకి ఏడేళ్ళ తర్వాత. అంటే సర్కారు అతన్ని ముందు నేరస్థుణ్ణి చేసింది, ఆ తర్వాతే అతను నేరం చేశాడు. అప్పటిదాకా నా తలలో ఒకే కథ ఉండేది: దొంగతనం చేశాడు, అందుకని సెటిల్‌మెంటులో పెట్టారు. ఊళ్ళో అందరి తలలోనూ అదే కథ. కాగితాలు తేదీల వరసన పేర్చితే కథ తిరగబడింది.

నేను చెప్పదలుచుకున్నది అదే. నేరస్థులని పేరుపడ్డ మన పూర్వీకుల గురించి సర్కారు రెండు రకాల కాగితాలు రాసింది. ఒకటి వాళ్ళు చేసిన పని గురించి, ఇంకొకటి వాళ్ళ పుట్టుక గురించి. రెండింట్లోనూ "నేరం" అన్న మాటే ఉంటుంది కాబట్టి రెండూ కలిసిపోయి కనబడతాయి. వాటిని విడదీసి చదవడం నేర్చుకోకపోతే ఆర్కైవ్స్‌కి వెళ్ళీ లాభం లేదు. తాతలు మోసిన ముద్రనే మళ్ళీ తెచ్చుకుని ఇంట్లో పెట్టుకుంటాం.

పుట్టుక గురించి రాసిన కాగితాల మూలం 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు. ముందు ఉత్తరాదికి పెట్టారు. 1911లో కొత్త చట్టం చేశాక మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఒక తెగని మొత్తంగా నేరస్థ తెగ అని సర్కారు గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. ఆ ప్రకటన చెల్లుతుందా చెల్లదా అని కోర్టులో అడగడానికి వీల్లేదని చట్టంలోనే రాశారు. రిజిస్టరులో పేరెక్కినవాళ్ళు వేలిముద్రలివ్వాలి, చెప్పిన వేళకి హాజరీ ఇవ్వాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. ఆరేళ్ళు నిండిన పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకెళ్ళి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఇచ్చారు. అప్పటి గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరుతో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలిసింది. దాన్నీ, కృష్ణ ఒడ్డున సీతానగరాన్నీ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు. కావలిది అమెరికన్ బాప్టిస్టు మిషన్ చూసుకుంది. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు స్టూవర్టుపురం నుంచి వెళ్ళేవాళ్ళు.

అంతకుముందు మావాళ్ళు చేసిన పనేమిటి? కోస్తా ఉప్పుని గాడిదల మీద, ఎద్దుల మీద మెట్ట ఊళ్ళకి మోసుకెళ్ళి ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. దారిలో బుట్టలల్లేవాళ్ళు, ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు. ఉప్పు సర్కారు గుత్త అయింది. రైలు వచ్చి మోత బేరాన్ని తినేసింది. 1876-78 ధాత కరువులో పశువులు పోయాయి. 1882 అడవి చట్టం వచ్చాక వెదురు కొట్టడానికీ, గడ్డి కోయడానికీ అడ్డుకట్టలు పడ్డాయి. బతికే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసి, చివరికి "వీళ్ళకి స్థిరమైన వృత్తి లేదు, తిరుగుతుంటారు" అని రాశారు. తిరగడమే వాళ్ళ వృత్తి అని రాసినవాళ్ళకి తెలియకపోలేదు.

ఇక్కడిదాకా చెబితే మా బాబాయి కొడుకు చాలా సంతోషిస్తాడు. "చూశావా, మనవాళ్ళు ఏ పాపమూ ఎరగరు. అంతా తెల్లవాళ్ళు కట్టిందే" అంటాడు. మా చుట్టాల్లో ఇంకొకాయన ఇంకా ముందుకెళ్ళి, ముత్తాత ఉన్నవాళ్ళని కొట్టి లేనివాళ్ళకి పెట్టేవాడని పిల్లలకి చెబుతున్నాడు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఎందుకంటే నా దగ్గర తీర్పు ఉంది.

తీర్పులో పి.డబ్ల్యు. 1, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి, ఒక ఆడమనిషి. కూలిపని చేసుకునే ఇల్లు. మగడు ఊళ్ళో లేడు. తెల్లవారుజామున పిల్ల ఏడిస్తే మెలకువ వచ్చిందనీ, తడిమి చూస్తే పిల్ల కాళ్ళకి వెండి కడియాలు లేవనీ, మూల ఇత్తడి బిందె కూడా పోయిందనీ చెప్పింది. ఒక కడియం తీసేటప్పుడు పిల్ల మడమ దగ్గర గీసుకుపోయిందని కూడా చెప్పింది. బిందె మా ముత్తాత అమ్మజూపిన చోట దొరికింది. కొనబోయినవాడు సాక్ష్యం చెప్పాడు. నేను ఆ తీర్పుని ఎన్నిసార్లు చదివినా దొంగతనం అతను చేశాడనే అనిపిస్తుంది. ఆ ఇల్లు షావుకారుది కాదు, దొరది కాదు. మాలాంటి ఇల్లే. ఆ పిల్లకీ మనవళ్ళు ఉండి ఉంటారు. వాళ్ళింట్లో మా ముత్తాత ఒక రాత్రి భయంగా మిగిలి ఉంటాడు. అతన్ని దేశభక్తుణ్ణి చేసి మా పిల్లలకి చెబితే, ఆ తల్లి చెప్పిన సాక్ష్యాన్ని రెండోసారి దోచుకున్నట్టే.

కాబట్టి చేసినదాన్ని చేసినదని ఒప్పుకుందాం. అలా ఒప్పుకున్నాకే రెండో కాగితం గురించి గట్టిగా మాట్లాడగలం.

ఎందుకంటే ఆ తీర్పులోనే ఇంకో వాక్యం ఉంది. శిక్ష ఎంత వెయ్యాలో రాస్తూ, ముద్దాయికి ఇదివరకే ఒక శిక్ష పడిందని మేజిస్ట్రేటు గుర్తుచేశాడు. ఇంటర్‌లో చదివినప్పుడు అదీ దొంగతనమే అనుకున్నాను. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ చదివితే సెక్షన్ నంబరు పక్కన చట్టం పేరు కనబడింది. శిక్షాస్మృతి కాదు, క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు. చెప్పిన వేళకి హాజరీకి రాలేదన్నది అతని మొదటి నేరం. పుట్టుక రిజిస్టరులో ఎక్కించింది, రిజిస్టరు హాజరీ అడిగింది, హాజరీ తప్పితే శిక్ష పడింది, ఆ శిక్ష తర్వాతి శిక్షకి సాక్ష్యం అయింది. చట్టంలో దీనికి ఇంకా పెద్ద ఏర్పాటే ఉంది: రిజిస్టరులో ఉన్నవాడికి షెడ్యూలులోని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకి తగ్గకూడదు, మూడోసారి పడితే ద్వీపాంతరం. అదే నేరం మామూలు మనిషి చేస్తే ఆ లెక్క వర్తించదు.

హాజరీ ఎందుకు తప్పాడో ఎక్కడా రాయలేదు. మా మేనత్త మాత్రం, వాళ్ళ అవ్వ చెప్పగా విన్నానంటూ, చెల్లెలి పెళ్ళికి వెళ్ళి ఒక రోజు ఆలస్యంగా వచ్చాడంటుంది. నిజమో కాదో నిరూపించలేను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

సెటిల్‌మెంటు గురించి కూడా ఒకే మాట మాట్లాడలేను. మా తాత అక్కడి బడిలోనే తెలుగు చదవడం, వడ్రంగం నేర్చుకున్నాడు. తనకి చదువు చెప్పిన టీచరమ్మ పేరు చెప్పినప్పుడల్లా తువ్వాలు భుజం మీదనుంచి తీసి చేత్తో పట్టుకునేవాడు. ఆరేళ్ళప్పుడు అమ్మ దగ్గరనుంచి తీసుకెళ్ళి బోర్డింగులో పడుకోబెట్టారని చెప్పినప్పుడు గోడవైపు తిరిగేవాడు. రెండూ ఆయనవే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం నావల్ల కాదు.

మీలో ఎవరైనా ఇలాంటి వెతుకులాటలో ఉంటే, నాకు చాలా కాలం వృథా అయిన చోట్లు చెబుతాను. పేరు పట్టుకుని వెతక్కండి, ముందు తేదీ, తాలూకా పట్టుకోండి. గుమాస్తా చెవికి వినబడ్డట్టు రాసిన పేర్లవి. ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు, తండ్రి పేరు ఉంటుంది. తెగ పేరు కూడా ఒక్కటిగా ఉండదు: కోస్తాలో ఎరుకల, యెరుకుల, సీమలో కొరచ, దక్షిణాన కొరవ. తెగల ప్రకటనలు ఫోర్టు సెయింట్ జార్జి గెజిట్‌లో వచ్చేవి. కోర్టు కాగితాల్లో చార్జిషీట్లు, వాంగ్మూలాలు కాలపరిమితి దాటాక ధ్వంసం చేస్తారు. మిగిలితే తీర్పు మిగులుతుంది, లేదా రిజిస్టరులో ఒక వరుస. అందుకే సీసీ నంబరు, అంటే కోర్టు కేసుకిచ్చిన నంబరు, చిన్నకాగితం మీద ఉన్నా పారెయ్యకండి. మేం "రాజమండ్రి వెళ్ళాడు" అంటే జైలుకని అర్థం. పెద్దవాళ్ళ నోట అలాంటి మాట ఏదైనా వస్తే రాసిపెట్టుకోండి. ఇంకొకటి. పోలీసు కాగితాల్లో "కె.డి." అని కనబడితే అది మనిషి పేరులోని పొడి అక్షరాలు కావు. "నోన్ డెప్రెడేటర్" అని స్టేషన్లో పెట్టే రిజిస్టరు అది. మనం రోజూ ఎవరినో ఒకర్ని "కేడీ" అని తిడుతుంటామే, ఆ మాట అక్కడిదే. మా ముత్తాత ఆ రిజిస్టరులోనూ ఉండే ఉంటాడు.

ఇక ఊరి పేరు ఎందుకు రాయనన్న సంగతి.

ఆస్ట్రేలియాలో ఉంటున్న మా స్నేహితుడు ఈ వెతుకులాటంతా విని, "ఇవన్నీ స్కాన్ చేసి పేర్లతో సహా ఆన్‌లైన్‌లో పెట్టాలి, మీరెందుకు అడగరు?" అన్నాడు. అక్కడి సంగతి చెప్పాడు. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ దాదాపు 1,62,000 మంది ఖైదీల్ని అక్కడికి ఓడల్లో పంపింది. ఒకప్పుడు ఆ సంగతి ఇళ్ళల్లో దాచేవాళ్ళు. ఇప్పుడు మా ముత్తవ్వ జేబురుమాలు దొంగిలించి వచ్చిందని గర్వంగా చెప్పుకుంటారు. ఆ ఖైదీల రికార్డుల్ని 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి 1913 దాకా నడిచిన దాదాపు 1,97,000 విచారణలు ఇంట్లో కూర్చుని పేరు కొట్టి చదువుకోవచ్చు. నేనూ చదివాను. చాలా గొప్ప పని. అసూయ కలిగింది.

అయినా మన దగ్గర పేర్లతో సహా అందరికీ తెరిచిపెట్టమని ఇప్పుడే అడగను. అక్కడ ఖైదీ మనవడని తెలిస్తే పోలీసు ఇంటికి రాడు. అక్కడి ఇంటిపేరు కులం చెప్పదు. మన దగ్గర ఇంటిపేరు, ఊరి పేరు కలిపితే కులం తెలిసిపోతుంది, ఆ కులానికి అంటించిన మాట వెంటనే గుర్తొస్తుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా క్లాసులో ఒక పిల్లవాడి జామెట్రీ బాక్సు పోయింది. మాస్టారు అడగకుండానే నా సంచి బోర్లించారు. ఆ బాక్సు తర్వాత అదే పిల్లవాడి ఇంట్లో దొరికింది, నా సంచి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మా ఊరి పేరు సినిమావాళ్ళకి పనికొచ్చింది, తిట్టుకి పనికొచ్చింది, మా చెల్లెలి పెళ్ళి సంబంధాల్లో అడ్డొచ్చింది. వెయ్యి కుటుంబాల పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళు, ఒంటిమీది మచ్చలతో సహా వెతకడానికి వీలుగా పెడితే దాన్ని ముందు వాడేది మనవళ్ళు కారు. పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు, ఉద్యోగమిచ్చేవాళ్ళు, స్టేషన్‌వాళ్ళు.

చట్టం పోయింది కదా అంటారు. పోయింది. 1936లో నెల్లూరుకి వచ్చినప్పుడు నెహ్రూ ఈ చట్టం పౌరస్వేచ్ఛనే కాదంటోందని గట్టిగా మాట్లాడాడు. స్వాతంత్ర్యం వచ్చాక మన తిరుచానూరు మనిషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడుగా ఒక విచారణ కమిటీ వేశారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. కానీ దాని వెంటే అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి, చూపు పెద్దగా మారలేదు. సంఘసంస్కర్తలు హేమలత, లవణం దంపతులు 1970లలో స్టూవర్టుపురంలో జనాన్ని నేరాల దారి నుంచి మళ్ళించే పని మొదలుపెట్టాల్సి వచ్చిందంటేనే పాతికేళ్ళ తర్వాత కూడా పరిస్థితి ఎలా ఉందో తెలుస్తుంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన కేసులో తీర్పు ఇచ్చేదాకా జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నియమాలు, సంచార తెగలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులన్నట్టు రాసిన మాటలు బతికే ఉన్నాయి. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమని ఆ తీర్పు చెప్పింది.

ఆ వార్త చదివిన రోజు మా అబ్బాయి, "అయితే పాత రిజిస్టర్లలో కూడా కొట్టెయ్యాలి కదా నాన్నా" అన్నాడు. వద్దురా అన్నాను. కొత్త రిజిస్టరులో ఆ గడి ఉండకూడదు, పాతదాంట్లో పోకూడదు. పాతదాంట్లో కులం గడి నిండి ఉండి, పక్కనే శిక్షల గడిలో "నిల్" ఉంది. ఆ రెండు గడులూ పక్కపక్కన ఉన్నంతకాలం తప్పు ఎవరిదో ఆ కాగితమే చెబుతుంది. ఒకటి చెరిపేస్తే రెండోది మూగదవుతుంది.

అందుకే నేను అడిగేది ఇది. పెళుసెక్కి పొడి రాలుతున్న ఆ కాగితాలన్నిటినీ వెంటనే స్కాన్ చెయ్యాలి. ఏ సంవత్సరం, ఏ జిల్లా, ఏ జీవో అన్న సూచిక అందరికీ తెరవాలి. పేర్లున్న పేజీలు మాత్రం ముందు ఆ కుటుంబాలకి, అడిగిన రోజున, పైసా తీసుకోకుండా ఇవ్వాలి. లోకానికి ఎప్పుడు చూపించాలో ఆ తెగలవాళ్ళు కూర్చుని తేల్చుకోవాలి. నేను మూడుసార్లు రైలెక్కి వెళ్ళగలిగాను, ఇంగ్లీషు వచ్చు, సెలవు దొరికింది. మా ఊళ్ళో కూలికి వెళ్ళే మనిషికి ఇవేవీ లేవు. అతని తాత వేలిముద్ర కూడా అదే అలమరలో ఉంది.

మొన్న సంక్రాంతికి ఆ తీర్పు నకలుని మేనత్త ముందు పెట్టి మొదటిసారి పైకి చదివాను. కడియాల దగ్గర ఆవిడ ఆపమంది. కాసేపాగి మళ్ళీ చదవమంది. అయిపోయాక వెనక్కి తిప్పి, "ఇక్కడేదో రాసుందే" అంది. ఇన్నేళ్ళూ స్టాంపుల కిందున్న ఆ వరుసల్ని నేను పట్టించుకోలేదు. కోర్టు నకలు మీద ఎప్పుడూ ఉండేవే: అర్జీ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, దాఖలు చేసిన తేదీ, నకలు తయారైన తేదీ, ఇచ్చిన తేదీ. పైన అర్జీదారు పేరు, పక్కన "ముద్దాయి భార్య".

ఎగ్మోరు జాబితాలో ఆమె "భార్య, 19". అంతే. ఇంట్లో అందరూ అవ్వ అనే పిలిచేవాళ్ళట, పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ పేరు రాసి ఉన్నది ఈ ఒక్క కాగితం వెనకాలే. మేనత్త ఆ పేరుని రెండుసార్లు అనుకుంది.

అయిదు తేదీల మధ్య ఇరవై రెండు రోజులున్నాయి. అర్జీకి ఒకసారి, స్టాంపులకి ఒకసారి, నకలుకి ఒకసారి. కనీసం మూడుసార్లు ఆమె సెటిల్‌మెంటు దాటి కోర్టుకి వెళ్ళి ఉండాలి. దాటిన ప్రతిసారీ పాసు అడిగి ఉండాలి. చదువురాని మనిషి డబ్బు కట్టి ఇంగ్లీషు తీర్పు నకలు తీసుకుందంటే అప్పీలు కోసమే అయి ఉంటుంది. అప్పీలు వేయించగలిగిందో లేదో తెలియదు. పై నెలలో గుంటూరు వెళ్తున్నాను, ఆ ఏటి అప్పీలు రిజిస్టరు ఉందేమో అడగడానికి. మేనత్త తనూ వస్తానంది.